స్టేషన్ రోడ్డులో నా ఫ్లెక్సీ

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో నాకు టిఫిన్ బండి ఉండేది. ఇడ్లీ, బొంబాయి చట్నీ, ఆదివారం పెసరట్టు. మా ఆయనకి లారీ పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకని ఇల్లంతా ఆ బండి మీదే నడిచేది. పొద్దున్నే రైలెక్కే కూలీలు, బడికెళ్లే మేస్టర్లు, అందరూ నా దగ్గరే తినేవారు. నా చేతి రుచి గురించి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను. ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు కదా.

అలాంటి నాకు టీబీ వచ్చింది. మొదటి నెలల్లో బండి మూసేసి, కన్నవారింటికి వెళ్లానని అందరికీ చెప్పించాను. తర్వాత సర్కారు ఆసుపత్రి డాక్టరు కళ్లె పరీక్ష చేయించి, ఇక నీ నుంచి ఎవరికీ అంటదు, బండి పెట్టుకోవచ్చు, మందులు మాత్రం మానకు అన్నాడు. పెట్టాను. మందులూ పూర్తిచేశాను. ఈ సంగతి ఊళ్లో మా ఆయనకీ, ఇంకో పిల్లకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పిల్లది ఎస్.కోట వైపు. డిగ్రీ చదువుతూ ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. ఏదో సంస్థ కాలేజీ పిల్లల్ని చేరదీసి, ఊరికి నాయకులుగా తయారుచేస్తామని చెప్పి, ఆసుపత్రి పనికి సాయంగా ఇళ్లకి పంపేది. మాత్రలు మింగితే నాకు కడుపులో తిప్పేసేది. ఆ పిల్ల పక్కన కూచుని, సినిమా కబుర్లు చెప్పి, అవి లోపలికి దిగేదాకా కదిలేది కాదు. తను లేకపోతే నేను మధ్యలోనే మానేసేదాన్ని. ఈ మాట దాస్తే నా కళ్లు పోతాయి.

ఇంటర్న్‌షిప్ అయిపోయే ముందు వాళ్లంతా కలిసి ఒక ప్రాజెక్టు చెయ్యాలట. జనాన్ని ముందుకు నడిపించినట్టు కనబడాలట. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "అక్కా, మీ గురించి నాలుగు మాటలు చెప్తాం. మిమ్మల్ని చూసి ఇంకొందరు ధైర్యంగా మందులు వేసుకుంటారు" అంది. ఆసుపత్రి గదిలో, నాలాంటి రోగుల మధ్య చెప్తారనుకుని సరేనన్నాను. పట్టుచీర కట్టుకోమని ఫోటో కూడా తీసింది. తల దువ్వుకుని మరీ నిలబడ్డాను.

ఒక పొద్దున్న బండి తోసుకుంటూ వెళ్లేసరికి ఎదురుగా కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. 'క్షయ వ్యాధిని జయించిన ధీరవనితకు అభినందనలు.' చాటంత నా మొహం. పైన దణ్ణం పెడుతూ ఊరి నాయకుడు, ఖర్చు ఆయనదే కాబట్టి. కింద వరసగా ఇంటర్న్‌షిప్ పిల్లల మొహాలు. రోజూ వచ్చే రిటైరు మేస్టరు ఒకాయన ఇడ్లీ తుంచుతూ తలెత్తి చదివాడు. నా వంక చూశాడు. మళ్లీ చదివాడు. ప్లేటు నెమ్మదిగా కింద పెట్టి, డబ్బులు నా చేతికివ్వకుండా బండి చివర పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. పక్కనే టీ కొట్టు. ఆ కొట్టు మావ వచ్చి, "ఒలే అమ్మీ, ఏటనుకోకు. నీ బండి కాస్త అటేపు జరుపుకో. నా టీ కూడా ముట్టుకోడం నేదు జనం" అన్నాడు.

"నాకు తగ్గిపోనాది మావా. డాక్టరే సెప్పినాడు."

"తగ్గిపోతే బోర్డెందుకు కట్టినారే?" అన్నాడు.

మా ఆయన్ని కొడవలిచ్చి స్తంభం ఎక్కించాను. ఎక్కినంత వేగంగా దిగిపోయాడు. "అన్న బొమ్మున్నాది. దాన్ని కోస్తే ఆయన మనుసులు మన పీక కోస్తారు" అన్నాడు. పోనీ నా మొహం ఒక్కటే కోసెయ్యమన్నాను. "నీ నెత్తీ అన్న సేతులూ కలిసిపోనాయి, ఎక్కడని కొయ్యను?" అన్నాడు. రుబ్బిన పిండి పులిసిపోతోంది, పారబోస్తున్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఫోన్ చేసి ఆ పిల్లని పిలిచాను. ఒక్కతే రాలేదు, జట్టంతా ఒకే రంగు టీషర్టులు వేసుకుని వచ్చారు. ఫ్లెక్సీ తీసెయ్యమన్నాను. "అది మా చేతుల్లో లేదక్కా. ఆయన బొమ్మ ఉంది కదా, తీస్తే బాగోదు" అంది. వాళ్లలో ఒక కుర్రాడు, "మేం జనానికి అవగాహన కల్పిస్తాం" అని రోడ్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మందులు పూర్తిగా వాడినవాళ్ల నుంచి టీబీ రాదు, వాళ్ల చేతి వంట నిర్భయంగా తినొచ్చు అన్నాడు. బాగానే చెప్పాడు. జనం మూగారు. మానేసిన నా గిరాకీలంతా అందులో ఉన్నారు. వీళ్లు నమ్మితే రేపు నా బండి నిలుస్తుంది, లేకపోతే లేదు.

ఆవిరి కక్కుతున్న ఇడ్లీలు ప్లేట్లలో వేసి వాళ్ల ముందు పెట్టాను. "నోటితో సెప్పింది సాల్లే బావూ. తిని సూపించండి" అన్నాను.

ఉపన్యాసమిచ్చినవాడు హాస్టల్లో తినేశానన్నాడు. ఒకడికి గ్యాసట. ఇంకొకడు ఉపవాసమన్నాడు, ఏ దేవుడికో చెప్పలేకపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శ్రీరంగనీతులన్నీ నా బండి ముందా?

చివరికి ఆ పిల్ల ప్లేటు అందుకుంది. రోడ్డంతా దాని వంకే చూస్తోంది. నా చేత అన్ని మాత్రలు మింగించిన పిల్ల, ఒక్క ఇడ్లీ ముక్క మింగలేదా అనుకున్నాను. నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నట్టుండి బండి వెనక్కి పరిగెత్తి కాలువలో ఉమ్మేసింది.

"కారంగా ఉందక్కా" అంది మూతి తుడుచుకుంటూ.

నేనింకా చట్నీ వెయ్యలేదు.

జనం ఎవరి దారిన వాళ్లు కదిలారు. నేను గ్లాసు కడిగి, నీళ్లు నింపి, నోరు పుక్కిలించుకోమని దానికిచ్చాను. గ్లాసు వంక చూసింది. "వద్దక్కా" అని, సంచిలోంచి తన సీసా తీసుకుంది.

ఆ సాయంత్రం నేను మినప్పప్పు నానబెట్టలేదు.