నేను నొక్కకముందే దిగిన చక్రాలు

ఇది ఇంతకుముందే రాయాల్సింది. కానీ నేను అక్షరాలు నేర్చుకుందే నలభై దాటాక, మా చర్చిలో పాస్టరమ్మ గారి దగ్గర. నేర్చుకున్నాక కూడా ఈ సంగతి రాద్దామని కూర్చుంటే కోపం వచ్చి పెన్ను పక్కన పడేసేదాన్ని.

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది తిరువూరు. మా తమ్ముడు ప్రసాదుని ఎత్తుకోవడానికని నన్ను బడికే పంపలేదు. వాడు బడికెళ్లే వయసొచ్చాక నన్ను పనికి పంపారు. కొన్నాళ్లు బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో ఊడ్చేదాన్ని. సెలవు రోజుల్లో తమ్ముడూ నా వెంట వచ్చేవాడు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఓనరు మా ఇద్దర్నీ ఆడుకోనిచ్చేవాడు. అందులో యుద్ధవిమానం గేమ్ ఒకటి ఉండేది. పైకెగరాలి, శత్రువుల విమానాలు కూల్చాలి, మళ్లీ రన్‌వే మీద దిగాలి.

బాణం గుర్తుల బటన్లు నావి, వాటి మీద అక్షరాలుండవు కాబట్టి. మిగతావన్నీ వాడివి. "నువ్వు నడుపక్కా, అక్షరాలు నావి" అనేవాడు. చక్రాలు దించాలంటే ఇంగ్లీషు జి నొక్కాలి. అదెక్కడుందో చూపించరా అంటే "నీకెందుకు, నేనున్నాగా" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. పైగా రన్‌వే కనిపించకముందే నొక్కేసేవాడు. విమానం ఊగిపోయేది. నేను తిట్టేదాన్ని, వాడు నవ్వేవాడు.

వాడు చదువుకున్నాడు, ఉద్యోగం చేశాడు. నీకు చదువు నేర్పిస్తానక్కా అని ఏళ్ల తరబడి అన్నాడు. నేర్పలేదు. కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆ తర్వాతే నేను అఆలు దిద్దాను.

పోయిన వేసవిలో వాడి కూతురు కీర్తన లాప్‌టాప్ తెచ్చి "అత్తా, నువ్వూ నాన్నా ఆడింది ఇదేనా?" అంది. అదే. అదే పచ్చటి నేల, అదే మోత. తెలుగు తర్వాత ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను, జి ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. ఒక్కసారైనా నా చేత్తో నేనే దించాలని కూర్చున్నాను.

కుడిచెయ్యి బాణాల మీద ఉంది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను, రన్‌వే కనిపించాకే తీద్దామని. కీర్తన పక్కనే కూర్చుని మామిడిపండు తింటోంది. రన్‌వే ఇంకా కనపడలేదు. టక్కుమని చక్రాలు దిగాయి. విమానం ఊగింది.

"అప్పుడేనా రా!" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

కీర్తన తినడం ఆపింది. "ఎవర్నత్తా?"

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నా చేతులు చూడు, రసం కారుతున్నాయి. నీ చెయ్యేమో ఒళ్లోనే ఉంది."

విమానం క్షేమంగా దిగింది.

ఆ గేమ్‌లో చక్రాలు వాటంతటవే దిగే ఏర్పాటేదీ లేదని కీర్తన వెతికి చెప్పింది. రిపేరు షాపతను కీబోర్డు విప్పి చూసి బాగానే ఉందన్నాడు. తర్వాత చాలాసార్లు ఆడాను. మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు. అదేంటో నాకిప్పటికీ తెలియదు. వాడే వచ్చాడని నేననను. కానీ భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది, అదీ వాడి మీదే. ఆ ఒక్క బటనైనా నాకు వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే, పనికెళ్లే ముందు, సమాధుల తోటకి వెళ్లాను. వాడి రాయి మీద ఏముందో అంతవరకూ ఎవరో చదివి చెబితే విన్నదే. ఎదురుగా నిలబడి పేరు దగ్గర్నుంచి గట్టిగా చదివాను. కింద వాక్యంలో ఒక ఒత్తు దగ్గర ఆగిపోయాను. ఈసారి నాకంటే ముందు ఎవరూ అందివ్వలేదు. నేనే కూడబలుక్కుని, మళ్లీ మొదట్నుంచి చదివాను.