ఓడ అడుగు గది

పాత ఓడలను ముక్కలు చేసే యార్డులో గ్యాస్ కట్టర్ అతను. పగలు కోసిన ఓడలనే సాయంత్రాలు ఇంట్లో మూరెడు చెక్క బొమ్మలుగా మళ్లీ కట్టేవాడు. మంటకు కాలి మొద్దుబారిన చేతివేళ్లకు బొమ్మకు కట్టే సన్నదారం చిక్కేది కాదు. పళ్లతో పట్టి ముడి వేసేవాడు. "కూల్చేదీ మీరే, కట్టేదీ మీరేనా!" అని భార్య దెప్పేది.

ఈసారి కట్టింది, చెల్లెలి మొగుడు అడుగు గదిలో విషవాయువుకు ఊపిరాడక చనిపోయిన ఓడ. చెల్లెలు వచ్చి చూసింది. "ఎక్కడ, అన్నయ్యా?" డెక్కు మీద, అడుగు గదిలోకి దిగే చిన్న కంత చూపించాడు. ఆమె అందులో వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఓడ కదలకుండా అతను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆయన ఏమైనా అన్నారా?"

"నన్ను పిలిచాడమ్మా. దిగబోతే నలుగురూ పట్టుకుని ఆపేశారు."

"దీనికి మూత పెట్టెయ్యి" అంది.

అతను చెక్కముక్క కోసి, మూత బిగించేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.