కొండమీద ఏ-వన్ డ్రైవరు

2012 మే నెలలో, రాయపూర్‌లో డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే క్రూ లాబీలో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టరుగా ఉన్న నాకు రైళ్లతో సంబంధం లేని డ్యూటీ ఒకటి పడింది. మా డివిజన్ ఉద్యోగుల బృందాన్ని ఉత్తరాఖండ్ కొండల్లో మారుమూల ఊళ్ల మీదుగా నడిపించి, క్షేమంగా వెనక్కి తీసుకురావాలి. బృంద నాయకుడిగా నా పేరు ఎవరు రాశారో నేటికీ తెలియదు. పొద్దున్నే నడిచే అలవాటు ఉండేది నాకు, అదే కొంప ముంచి ఉంటుంది.

లోకో ఇన్‌స్పెక్టరు అంటే డ్రైవర్ల మీద అజమాయిషీ చేసేవాడు. వాళ్లతో పాటు ఇంజిన్ ఎక్కి, వెనక నిలబడి, బండి ఎలా నడుపుతున్నారో చూసి, తప్పుంటే రాసి పైకి పంపేవాడు. వాళ్లని రైల్వే శాఖ ఇప్పుడు లోకో పైలట్లు అంటోంది గానీ మా నోటికి డ్రైవర్లే అలవాటు. నేనూ ఒకప్పటి డ్రైవర్నే. అయినా నేను ఇంజిన్ ఎక్కగానే లోపల కబుర్లు ఆగిపోయేవి. అది మర్యాద అనుకునేవాణ్ణి.

రాయపూర్‌లో కొండ అన్నది లేదు. అందుకని సాధన కోసం వీపుకి సంచులు కట్టుకుని స్టేషన్ పాదచారుల వంతెన మెట్లు ఎక్కి దిగాం. కూలీలు మమ్మల్ని చూసి, సామాను మాకివ్వండి బాబూ, ఎందుకీ అవస్థ అని ఒకటే నవ్వు. మండే ఎండలో పండరీ బజారుకి వెళ్లి ఉన్ని టోపీలు అడిగితే, దుకాణదారు ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత సరుకు చూపించాడు.

బృందంలో డ్రైవరు ఒక్కడే, సింహాచలం. విజయనగరం వైపు నుంచి రైల్వేకి వచ్చిన కుటుంబం, మాలాగే. నలభై దాటిన మనిషి, గూడ్స్ బళ్లు నడిపేవాడు, నోరు ఊరుకోదు. కొండదారిలో మొదటి రోజే అందరికీ వినోదం పంచాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ చెయ్యెత్తి దాని రంగు పైకి చెప్పాలి, ఒకరన్నది రెండోవారు తిరిగి అనాలి అని మా నిబంధన. కొన్నేళ్లు చేస్తే అది ఒంటికి పట్టేస్తుంది. సింహాచలం కొండమీద కూడా అదే మొదలుపెట్టాడు. మలుపు రాకముందే చెయ్యెత్తి, "ఎడం పక్క లోయ, కాషన్!" అని అరిచేవాడు. కాషన్ అంటే వేగం తగ్గించమని. వెనక వస్తున్న గుమాస్తాలూ ఫిట్టర్లూ అదే మాట అందుకునేవారు. మా గైడు కుందన్, ఆ పై ఊళ్లలోనే పుట్టినవాడు, ఇంత క్రమశిక్షణగా నవ్వే బృందాన్ని తాను చూడలేదన్నాడు.

దారి తేలికది కాదు. ఒకచోట కొండచరియ విరిగి బాట మనిషి వెడల్పున మిగిలింది, కింద ఏరు హోరుమంటోంది. మా సామాను మోసే కంచర గాడిదలు మాకంటే నిబ్బరంగా దాటాయి. వేసవిలో మాత్రమే జనం ఉండే పై ఊరు చేరడం, మర్నాడు దాని పైనున్న కనుమ దాటి అవతలి లోయలో దిగడం మా పథకం.

పై ఊరికి ఎక్కుతున్న రోజు నేను సింహాచలం వెనకే నడుస్తున్నాను. అతను ఇంకా కాషన్ కేకలు వేస్తూనే ఉన్నాడు. కానీ మలుపు దాటాక చెయ్యెత్తుతున్నాడు. రాయి తొక్కాక రాయి అంటున్నాడు. ఇంజిన్‌లో సిగ్నల్ దాటిన తర్వాత రంగు చెప్పే డ్రైవర్ని చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. వాడి కళ్లు చూస్తున్నాయి, బుర్ర అందుకోవడం లేదని అర్థం. అక్కడికక్కడే అందర్నీ ఆపి, ఎలా ఉందని అడిగాను.

"బిల్‌కుల్ ఠీక్ ఉన్నాను సార్. పొద్దున్న చాయ్ సరిగ్గా పడనేదు, అంతే," అన్నాడు.

తల నొప్పిగా ఉందా అన్నాను. లేదన్నాడు. వాంతి? లేదు. నాకు నమ్మకం కుదరలేదు గానీ కాదనడానికి ఆధారమూ లేదు. మెల్లగా పై ఊరు చేర్చి, రాతి పలకల కప్పున్న ఒక ఇంట్లో కూర్చోబెట్టాం. కుందన్ అతన్ని వాకిట్లో ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనిస్తూ తిన్నగా నడవమన్నాడు. నాలుగడుగులు వేసి పక్కకి తూలాడు. గాలి పలచబడిన ఎత్తులో కొందరికి మెదడు ఉబ్బుతుంది. వెంటనే కిందికి దింపితే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే దక్కకపోవచ్చు. దింపాల్సిందే అన్నాడు కుందన్.

సింహాచలం ససేమిరా అన్నాడు. గుమ్మం పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"సార్, రిపోర్టు రాయకండి సార్. ఏ-వన్ పోతే నాను ఏటి సేస్తాను? మా అన్నని సూడండి. కళ్లు తగ్గినాయని ఇంజిన్ దింపీసి లాబీలో స్టూలు మీద కూకోబెట్టినారు. ఆడితో ఒకడు మాటాడ్డు."

ఏ-వన్ అంటే ఇంజిన్ నడిపేవాళ్లకి ఉండాల్సిన ఆరోగ్య శ్రేణి. అది పోతే కుర్చీ ఉద్యోగమే. కొండ జబ్బుకీ ఆ శ్రేణికీ సంబంధం లేదని చెప్పాను. ఇక్కడ నేను ఇన్‌స్పెక్టర్ని కాదనీ చెప్పాను. వినిపించుకోలేదు. సంగతేమిటని కుందన్ అడిగితే వివరించాను. ఇక్కణ్ణించి పడితే ఏ శ్రేణి ఇస్తారు సాబ్ అన్నాడతను. సూర్యుడు పడమటి శిఖరం మీదికి వాలుతున్నాడు. చీకటి పడితే ఆ విరిగిన బాట దాటలేం.

అప్పుడు కుందన్, మీరు కాసేపు బయటికి వెళ్లండి సాబ్ అన్నాడు. నా సర్వీసులో నన్ను గదిలోంచి పొమ్మన్నవాడు లేడు. మొహం మాడ్చుకునే వెళ్లి, కంచర గాడిద పక్కన నిలబడ్డాను. కోపంగానే ఉంది, దాచడమెందుకు?

కుందన్ కొద్దిసేపట్లోనే బయటికొచ్చాడు. పొద్దుటి నుంచి సింహాచలానికి వాంతులు. నిన్నటి నుంచే తల పగిలిపోతోంది. బాట ఒకోసారి రెండుగా కనిపిస్తోంది. ఎవరూ చూడకుండా అన్నం కుక్కలకి వేస్తున్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగినా రాని మాటలన్నీ, నేను గడప దాటగానే ఒక్క గుక్కలో చెప్పేశాడు. దిగడానికీ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. ముందు కుందన్ నడవాలి, నేను వెనకాల కనబడకుండా రావాలి.

అలాగే దిగాం. మిగతా బృందాన్ని, గాడిదల్ని తోలుతున్న కుందన్ తమ్ముడికి అప్పగించాను. విరిగిన బాట దగ్గర కుందన్ సింహాచలాన్ని తాడుతో నడుముకి కట్టుకుని దాటించాడు. నేను మలుపు వెనక ఆగి, ఏటి హోరులో వాళ్ల అడుగులు వినపడక అక్కడే నిలబడ్డాను. భయపడ్డాను. అతని భార్యకి ఏం చెప్పాలన్న ఆలోచన వచ్చి, దాన్ని బలవంతాన తోసేశాను. అవతలి నుంచి కుందన్ ఈల వేశాకే కదిలాను.

కింది ఊళ్లో కుందన్ పెద్దమ్మ ఇంట్లో దిగాం. మర్నాడు పొద్దుటికి సింహాచలం తేరుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆవిడ రాగి రొట్టె పెడితే, "చోడి రొట్టె! మా అమ్మ సేసేది," అని తెలుగులో ఆవిడకే చెబుతున్నాడు. ఆవిడకి ముక్క అర్థం కాకపోయినా ఇంకో రొట్టె వేసింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు గానీ నోరు మూతపడింది.

రాయపూర్ వచ్చాక, ఎత్తు పడక ఒక సభ్యుణ్ణి దింపవలసి వచ్చిందని ఉన్నదున్నట్టు రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. సింహాచలం మర్నాడే గూడ్స్ బండి ఎక్కాడు.

నేను ఆ ప్రయాణంలో నేర్చుకున్నది వృత్తికి సంబంధించినదే. అతను జబ్బు దాచింది కొండకి భయపడి కాదు, మొండితనం వల్లా కాదు. ప్రాణం మీదికి వచ్చినా దాచింది నేను ఎదురుగా ఉన్నందువల్ల. అవతలివాడి ఉద్యోగం మన కలంలో ఉన్నప్పుడు, బాగున్నావా అని మనం అడిగితే వచ్చే జవాబుకి విలువ లేదు.

మరుసటి ఏడు కూడా నాయకుడిగా నన్నే పంపారు. మొదటి మజిలీలో అందర్నీ నిలబెట్టి ఒంట్లో ఎలా ఉందని అడిగాను. అందరూ బాగుందన్నారు. తర్వాత నేను ఏటి ఒడ్డుకి వెళ్లిపోయి, అదే ప్రశ్న గైడు చేత అడిగించాను. ముగ్గురికి తలనొప్పిగా ఉంది.