తాళం తిప్పకు మావా

నేను కారు కొని యాప్‌లో ట్యాక్సీగా తిప్పడం మొదలెట్టిన నెలకే నా పెళ్లాం ఇన్సూరెన్స్ ఏజెంటు పరీక్ష పాసైంది. ఆమెకు మొదట దొరికిన గిరాకీని నేనే. తోటి డ్రైవర్లేమో "సొంత కారు పాలసీ సాల్రా, ఎవడు సూస్తాడు" అనేవారు. ఆమె వింటేనా!

"జనాన్ని ఎక్కించుకునే బండికి ట్యాక్సీ పాలసీయే ఉండాల మావా. లేపోతే రేపు ఏటైనా అయితే కంపెనీవోడు మన మొకం సూడడు" అని నాచేత వరసగా సంతకాలు పెట్టించింది.

ఆ వానాకాలం, ముసురు పట్టిన రోజుల్లో, విశాఖ నుంచి భావనపాడుకి ఒక ట్రిప్పు తగిలింది. ఎక్కింది చేపల వ్యాపారం చేసే పెద్దావిడ. కూతురింటికి వచ్చి తిరిగి వెళ్తోంది. యాప్‌లో బుక్ చేసింది కూతురే. ఆవిడ మాత్రం తిన్నగా ముందు సీట్లో కూలబడి, "ఎనక్కూకుంటే నాకేటి కనిపిస్తాది?" అంది.

శ్రీకాకుళం దాటాక పోలీసులు హైవేకి అడ్డంగా డ్రమ్ములు పెట్టేశారు. ముందు గెడ్డ పొంగి రోడ్డు మీంచి పారుతోందట. పక్క ఊళ్లోంచి పొమ్మని చెయ్యి చూపించారు. నేను మళ్లాను. ఫోన్లో దారి చెప్పే గొంతు మాత్రం వెనక్కి తిరగమని ఒకటే పోరు.

పెద్దావిడకి ఒళ్లు మండింది. "ఒసే, రోడ్డు మూసేసినారంటే నీకు సెవిన పడదేటే?" అని ఫోన్ మీద విరుచుకుపడింది. అది మళ్లీ అదే మాట అంది. ఈవిడ మళ్లీ తిట్టింది. నేను స్టీరింగ్ మీద వాలిపోయి నవ్వుతున్నాను.

పొలాల మధ్య ఒక పల్లపు కల్వర్టు వచ్చింది. నీళ్లు కొంచెమే అనుకుని దింపాను. సరిగ్గా మధ్యలో బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. డోర్ల కిందనుంచి నీళ్లు మా కాళ్ల దగ్గరికొచ్చాయి. మళ్లీ స్టార్టు చేద్దామని చెయ్యి తాళం మీద వేశానో లేదో, ఫోన్ మోగింది. నా పెళ్లాం. స్పీకర్లో పెట్టాను.

"ఎక్కడున్నావు మావా?"

"నీళ్లలో. బండి ఆగిపోనాది. స్టార్టు సేస్తన్నాను."

"తాళం తిప్పకు మావా! ఇంజిన్లోకి నీళ్లెళ్లినప్పుడు తిప్పితే ఇంజిను పగిలిపోతాది. దానికి మన పాలసీలో పైసా రాదు!"

నేను చెయ్యి తీసేలోపే పెద్దావిడ నా మణికట్టు పట్టేసింది. చేపలు కోసి కోసి బండబారిన చెయ్యి అది. విదిలించుకోవడం నా వల్ల కాలేదు. "పెళ్లాం సెప్పినాది కదా, ఇనరా!" అని, అలాగే పట్టుకుని కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేసింది. దూరంగా టీ కొట్టు దగ్గరున్న మగాళ్లంతా తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆవిడ చీర ఎగదోపి మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయింది. "ఒక్కపాలే లాగాల! ఒడ్డుకి వల లాగినట్టు లాగండ్రా!" అంటూ అరుస్తుంటే అందరూ ఒక్క ఊపులో లాగారు. లోపల స్టీరింగ్ పట్టుకుని ఊరేగింపులో పెళ్లికొడుకులా నేను. బండి గట్టెక్కేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఫోన్లో నా పెళ్లాం "ఏటయినాది? ఎందుకు ఏడుస్తన్నావు?" అని అరుస్తోంది. ఏడుపుకీ నవ్వుకీ తేడా తెలీనంత గాభరాపడిందట పాపం.

పెద్దావిడని ఆటో ఎక్కించి పంపాను. నా పెళ్లాం చెప్పినట్టు ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, బండిని షెడ్డుకి లాగించాను.

రెండ్రోజులకి నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు షెడ్డుకి వచ్చాడు. "మూసిన రోడ్లోకి ఎందుకెళ్లావు?" అన్నాడు. పోలీసులే మళ్లించారన్నాను. సాక్ష్యం ఎవరన్నాడు. పెద్దావిడకి ఫోన్ కలిపిచ్చాను.

"బాబూ, మూసినాది పెద్ద రోడ్డు. మేం పోనాది పోలీసోళ్లు సూపించిన రోడ్డు. ఈ రెండిటికీ తేడా తెలీకుండా నీకీ ఉద్దోగం ఎవడిచ్చినాడు?"

షెడ్డులో మెకానిక్కులు పనాపి మరీ విన్నారు. సర్వేయరు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని పడీపడీ నవ్వాడు. పోలీసుల్ని కూడా అడిగి తెలుసుకున్నాక క్లెయిమ్ రాశాడు. ఇంజిను నిక్షేపంగా ఉంది. వైర్లకీ సీట్లకీ కంపెనీయే ఇచ్చింది. బండి ఆగిన రోజుల సంపాదన మాత్రం రాలేదు. అది పాలసీలో లేదని నా పెళ్లాం ముందే చెప్పింది.

ఆ రోజుల్లో నాకు పని లేదు. ఆమె తన స్కూటీ వెనక నన్ను ఎక్కించుకుని, నా ఒళ్లో ఫైలు పెట్టి, ట్యాక్సీ స్టాండ్లన్నీ తిప్పింది. "ఈయనే నా మొదటి క్లెయిమ్" అని అందరికీ పరిచయం చేసింది. అప్పుడు "ఎవడు సూస్తాడు" అన్న డ్రైవర్లే తమ బండి కాయితాలు పట్టుకొచ్చారు. నేను మాత్రం చిన్నపిల్లాడిలా వెనక కూర్చుని, ఎదురుగాలికి నోరు తెరుచుకుని, ఊరంతా తిరిగాను.