దసరాకి ఎండిన వాగు

ఢిల్లీలో మునిర్కా దాటి తుమ్మల మధ్యగా పోతే ఒక వాగు వచ్చేది. ఇవతలి గట్టు మీద అద్దె గదుల్లో మేం ఉండేవాళ్ళం. అమ్మలాగా ఆసుపత్రుల్లో నర్సులుగా చేసేవాళ్ళ కోస్తా కుటుంబాలు నాలుగైదు. అవతలి గట్టున గేదెలు, గోధుమ చేలు ఉన్న రైతుల ఊరు. వాళ్ళు దాన్ని నాలా అనేవారు. డెబ్బైల చివర్లో వాన పడితే మాత్రం అది నిజంగా వాగే.

నాయనమ్మకు బాప్తిస్మం కావాలి. తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. ఆయన పోయాక మా దగ్గరికి వచ్చింది. కానీ ఆదివారం ప్రార్థనలో రొట్టె పళ్ళెం అందరి ముందూ ఆగి, ఆమెను దాటిపోయేది. బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభువు బల్లలో పాలు ఉండదు. నాయనమ్మ తల దించుకుని కొంగు సర్దుకునేది. నాకు ఒళ్ళు మండేది.

మా ప్రార్థన జరిగేదే అద్దె గదిలో, మునగడానికి తొట్టి ఎక్కడిది? అవతలి గట్టున బోరు తొట్టి అడుగుదామని పాస్టరుగారు అంటే ఆమె వినలేదు.

"ఒకళ్ళ తొట్టి వద్దయ్యా. మా ఊళ్ళో మమ్మల్ని చెరువు దిగనిచ్చినోళ్ళు లేరు. కాలవలో దిగితే ఎవరూ అడగలేదు. పారే నీళ్ళల్లోనే ఇయ్యండి."

శ్రావణంలో వాగు నడుం లోతు పారింది. ఆ వారమే కానిచ్చేయాల్సింది. మేమేమో డెల్టా మనుషులం. కాలువకు నీళ్ళు వదిలారంటే పంట ఇంటికొచ్చేదాకా పారతాయనుకునే రకం. నర్సులందరికీ సెలవు దొరకాలని దసరాకి ముహూర్తం పెట్టాం. తెల్లచీర కొన్నాం. తీరా వెళ్ళి చూస్తే ఇసుక, గేదెల అడుగులు. ఢిల్లీ వాగును నమ్ముకున్న తెలివితేటలు మావి.

చలికాలంలో నాయనమ్మ మంచం పట్టింది. మళ్ళీ వానల దాకా ఉండనని ఆమెకే తెలిసిపోయింది. చివరికి తనే ఒక మెట్టు దిగింది.

"పోనీ, ఆ బోరు తొట్టిలోనే ఇప్పించరా" అని నాన్నను అడిగింది.

నాన్న వెంట నేనూ వాగు దాటాను. హుక్కా తాగుతున్న పెద్దాయన మమ్మల్ని నులకమంచం మీద కూర్చోబెట్టి, అంతా శ్రద్ధగా విన్నాడు. "అచ్ఛా, మీదే కులం?" అన్నాడు హిందీలో. నాన్న దాచకుండా చెప్పాడు. పెద్దాయన కోప్పడలేదు.

"మా గేదెలు తాగే నీళ్ళు, భయ్యా" అన్నాడంతే.

ఇంటికి రాగానే నాయనమ్మ దిండు మీంచి తలెత్తింది.

"ఏమన్నార్రా?"

"మోటారు కాలిపోయిందంటమ్మా."

ఆ మోటారు చప్పుడు వాగు మీదుగా మా గదిలోకి వినిపిస్తూనే ఉంది. నాయనమ్మ కాసేపు దాన్నే వింది.

"పోనీలేరా. కాళ్ళు కడుక్కుని అన్నం తిను" అంది.