గుర్వయ్యతో తెలుగులోనే

రాళ్లగూడెం గుర్వయ్యకు ప్రపంచ భాషల పట్టికతో పనేమిటని అడగవచ్చు. ఆయనకేమీ లేదు. పట్టికకే ఆయనతో పనిపడింది.

దేవరకొండకు దక్షిణాన గుట్టల నడుమ ఉన్న ఆ గూడెం నిండా గొర్రెల కాపరుల ఇళ్లే. వాళ్ల పూర్వులు ఏదో కరువు కాలంలో మందలు తోలుకొని రాయచూరు వైపు నుంచి కృష్ణ దాటి వచ్చారు. బయటివాళ్లతో తెలుగు మాట్లాడతారు. గడప లోపల, మంద దగ్గర, తమలో తాము మాత్రం ఇంకో మాట. దానికి పేరు లేదు. 'ఇంటి మాట' అనేవారు, అంతే.

ఇక్కడ మాతృభాష తేనె అనీ తల్లిపాలు అనీ ఒక పేరా రాయడం ఆచారం. గూడెంలో దాన్ని ఎవరూ అలా అనుకోలేదు. అది వాళ్లకు గొడ్డలి లాంటి, గొంగడి లాంటి అక్కరకొచ్చే వస్తువు. ముఖ్యంగా గొర్రెల అంగట్లో. అక్కడ కొనేవాడు, అమ్మేవాడు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డ గూడెం వాళ్లు బేరగాడి నెత్తి మీదుగా ఇంటి మాటలో సలహాలు విసురుకునేవారు. ఇంకొంచెం లాగు, ఆ కుంటిదాన్ని వెనక్కి నెట్టు, వీడు ఇయ్యాల కొనక తప్పదు. బేరగాడు దిక్కులు చూసేవాడు. కాబట్టి ఇంటి మాట పరాయివాడికి నేర్పకూడదన్నది కట్టుబాటు. అరవై ఒకటి జనాభా లెక్కలప్పుడు బడిపంతులు వచ్చి మాతృభాష ఏమిటని అడిగితే గూడెం మొత్తం తెలుగని రాయించింది. గుర్వయ్య కూడా.

మరుసటేడు వేసవిలో హైదరాబాద్ నుంచి భాషల సర్వే అంటూ ఒక సారు వచ్చి దేవరకొండలో గది కిరాయికి తీసుకున్నాడు. ఎక్కడ ఏ భాష మాట్లాడుతున్నారు, ఏది దేనికి చుట్టం, ప్రపంచ భాషల్లో ఏది ఏ కుటుంబం కిందికి వస్తుంది అని తేల్చి వరసలో పెట్టడం ఆయన ఉద్యోగం. అంగట్లో గూడెం వాళ్ల మాట చెవిన పడేసరికి వెంటపడ్డాడు. అడిగిన ప్రతివాడూ అది మాట కాదు, గొర్లను అదిలించే చప్పుడని తప్పించుకున్నాడు. గుర్వయ్య తప్పించుకోలేదు.

భాషను కాపాడదామని కాదు. ఆ ముక్క సభల్లో తప్ప నేనెక్కడా వినలేదు. సంగతి చాలా చిన్నది. గుర్వయ్య అప్పటికి నలభై దాటినవాడు. మోస్తరు మంద, మోస్తరు మనిషి. కులం కూర్చున్నప్పుడు అంచున కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ ఏదీ అడిగేవారు కారు. సారు అడిగాడు. కుర్చీ వేసి, చాయ తెప్పించి, మీరు అని పిలిచి, వానను ఏమంటారు, మేనత్తను ఏమంటారు, ఈనబోయే గొర్రెను ఏమంటారు అని అడిగి, చెప్పిందల్లా రాసుకున్నాడు. పెద్ద చక్రాల టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టి మాట్లాడించాడు. ప్రపంచ భాషల వరసలో మీ మాటకూ ఒక జాగా ఉంటుందన్నాడు. తన గొంతు తనకే వినిపించిన రోజు గుర్వయ్య గూడెం దాకా ఒక్కడే నవ్వుకుంటూ నడిచి వచ్చాడట. ఆ వేసవంతా పోతూనే ఉన్నాడు.

దసరా ముందు అంగట్లో నార్కట్‌పల్లి బేరగాడొకడు తువ్వాల కింద నుంచి చేయి తీసేసి, కుంటిదాన్ని ఎక్కడ దాచారని అడిగాడు. అడిగింది ఇంటి మాటలో. ఆ మనిషి ఏళ్ల తరబడి అదే అంగట్లో, వాళ్ల మధ్యనే కూర్చుంటున్నవాడు. నాలుగు ముక్కలు పట్టుబడకపోతేనే వింత. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. సారు గదికి పోయి వచ్చిందెవరో మాత్రం అందరికీ గుర్తొచ్చింది.

బీరప్ప గుడి ముందు కులం కూర్చుంది. పెద్దమనిషి గోపయ్య, గుర్వయ్య భార్య సుక్కమ్మకు చిన్నాయన. గొంతు లేపే మనిషి కాదు.

"అందరి సొమ్ము తీస్కపోయి ఒక్కనివే ఇచ్చి వచ్చినవు అల్లుడా. జర అడగాలె అనిపియ్యలేదా?"

"సొమ్ము ఏడికి వోయింది మామా? మీ నోట్ల మీకుంది, నా నోట్ల నాకుంది."

"మరి బేరగాని నోట్లెకు ఎట్ల వోయింది?"

గోపయ్య తీర్పు చెప్పాడు.

"నిప్పు బంద్ లేదు, నీళ్లు బంద్ లేదు. నీ గొర్లు మందల్నే మేస్తయి. నీతోని ఇంటి మాట బంద్. ఇచ్చింది మళ్ల తెచ్చినంక జూద్దాం. అందాక నీతోని తెలుగే."

"సారుతోని తెలుగే మాట్లాడాలె గదా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. ఆ రోజు నుంచి గూడెంలో ఆయన పేరు సారు.

వెలి వేయలేదు, తప్పు డబ్బు కట్టించుకోలేదు. ఇదొక శిక్షా అని గుర్వయ్యే అనుకున్నాడు. తీర్పు ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. ఇంటికి వచ్చేసరికి సుక్కమ్మ అత్తతో ఏదో చెబుతోంది. ఆయన గడప దాటగానే మాట సగంలో ఆపి, "కాళ్లు కడుక్కో, బువ్వ పెడ్త" అంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయనతో తెలుగులో ఒక్క మాట ఆడి ఎరగదు. ఎవరో పరాయి ఆడమనిషి ఇంట్లో నిలబడి అన్నట్టుంది. తలుపు మూసి, ఇద్దరే ఉన్నప్పుడు, ఒక్క మాట మాట్లాడమని బతిమాలాడు.

"పిలగాండ్లు ఇంటరు," అంది సుక్కమ్మ తెలుగులోనే. "రేపు ఆడుకునేకాడ అనేస్తరు. మా చిన్నాయన నన్నుగూడ ఒదలడు."

తల్లి బక్కమ్మ సంగతి ఇంకా అన్యాయం. ఆమెకు వచ్చిన తెలుగు అంగడి తెలుగు. తిన్నవా, కూసో, ఎప్పుడొస్తవు. అంతకు మించి కొడుకుతో చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ముసలావిడ కదా, తల్లి ప్రేమ కట్టుబాటును జయించిందని రాస్తే బాగుండేది. జయించలేదు. ఆమె గూడెం మనిషి. ఉన్న ఆ మూడు మాటలతోనే నెట్టుకొచ్చింది. గుర్వయ్యకు ఇక కావలసింది ఒక్కటే: తల్లి, భార్య తనతో మళ్లీ ఇంటి మాటలో మాట్లాడాలి.

ఇచ్చింది తిరిగి తెమ్మన్నారు కదా అని మరుసటేడు హైదరాబాద్ పోయాడు. అడగ్గా అడగ్గా ఒక కిరాయి ఇంట్లో సర్వే ఆఫీసు దొరికింది. సారు గుర్తుపట్టాడు. కూర్చోబెట్టాడు. గోడ మీద కొమ్మలూ రెమ్మలూ వేసిన పెద్ద పటం, కొమ్మకొక భాష పేరు. గుర్వయ్యకు చదవను రాదు. టేపు ఇచ్చేయమన్నాడు.

"ఆ టేపు లేదు గుర్వయ్యగారూ. రాసుకోవడం అయ్యాక దాని మీదే వేరే వాళ్ల మాట ఎక్కించాం. టేపులు దొరకడం కష్టం."

"రాసిందన్న ఇయ్యిండ్రి సార్."

"అది పైకి పంపాం. మీది విడిగా ఒక భాష కాదని తేలింది, కన్నడంలోనే ఒక యాస. మాట్లాడేవాళ్లూ మరీ తక్కువ. పట్టికలో వేరే పేరు రాదు."

గుర్వయ్య గోడ మీది పటం వైపు చేయి చూపాడు.

"అయితే ఇప్పుడు మా మాట ఏడుంది సార్?"

"ఎక్కడికి పోతుంది? మీ ఇంట్లోనే ఉంది కదా."

సారు చెడ్డవాడు కాడు. ఆయన తేల్చింది శాస్త్రం ప్రకారం సరైనదే అయి ఉంటుంది. బస్సుకు తోవ చూపించి మరీ పంపాడు.

తిరిగి వచ్చి గోపయ్యతో ఉన్నదున్నట్టు చెప్పాడు. టేపు మీద చెరిగిపోయింది, పట్టికలో పేరే రాలేదు, మన మాట వాళ్ల దగ్గర లేదు. గోపయ్య విని చుట్ట అంటించుకున్నాడు.

"పలక మీద రాసిచ్చినవా సారూ, ఉమ్మి పెట్టి తుడ్వనీకె?"

ఉన్నదాన్ని తెచ్చి చూపవచ్చు. లేదని చూపడానికి ఏం తెస్తాడు? తీర్పు అలాగే ఉండిపోయింది.

తరువాతి ఏళ్లలో ఎవరూ లెక్క వేయని సంగతి ఒకటి జరిగింది. గుర్వయ్య ఇంట్లో ఉన్నంతసేపూ సుక్కమ్మ తెలుగే మాట్లాడాలి. ఆయన ఇంట్లో ఉండే మనిషి. మాటిమాటికీ మార్చుకోవడం విసుగై ఆమె మార్చుకోవడం మానేసింది. చిన్నపిల్లలకు తెలుగు తప్ప ఏదీ పట్టుబడలేదు. మందలు ఏకం చేసి మేతకు పోయినచోట ఆయన పక్కన కూర్చున్నవాడు తెలుగుకు మారాలి, లేదా నోరు మూసుకోవాలి. జనం పక్కన కూర్చోవడం మానేశారు. ఆయన గొర్రెలతో ఇంటి మాట మాట్లాడుకునేవాడని దేవరకొండలో ఒక కథ ఉంది. అబద్ధం. మందను మెల్లగా అమ్మేసి నాలుగు చెక్కల నేలలో ఆముదాలు వేసుకున్నాడు. ఇంటి మాట తానూ ఎవరితోనూ ఎత్తలేదు.

అరవై ఎనిమిదిలో, వానలు తప్పిన శ్రావణంలో, బక్కమ్మ పోయింది. గుర్వయ్య చేను నుంచి వచ్చేసరికి వాకిట్లో శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు. పోయిన మనిషి పుట్టుక నుంచి చావు దాకా చెప్పుకుంటూ ఏడవడం వాళ్ల పద్ధతి, ఇంటి మాటలోనే ఏడుస్తారు. ముందు ఎత్తుకున్నది గుర్వయ్య అక్క రామమ్మ. తమ్ముడు వాకిట్లోకి రావడం చూసింది. గొంతు ఆపింది. ఊపిరి పీల్చుకుని తెలుగులో ఎత్తుకుంది. "ఓ నా తల్లీ, మమ్ముల ఇడిశి పోతివా..." అంతవరకే వచ్చింది. వేరే కులాల వాళ్ల ఇళ్లలో విన్న ముక్క అది. తర్వాతి మాటలు ఆమెకు తెలియవు. అదే ముక్క మళ్లీ అంది. మిగతా ఆడవాళ్లు తలలు వంచుకొని కూర్చున్నారు.

గుర్వయ్య వంగి తల్లి కాళ్లు పట్టుకున్నాడు. లేచి, ఎవరివైపూ చూడకుండా వాకిలి దాటి, దొడ్డి కంప అవతలికి పోయి నేల మీద కూర్చున్నాడు. కొంతసేపటికి లోపల ఏడుపు ఇంటి మాటలోకి మారింది. బక్కమ్మ పుట్టిన ఊరు, మంద వెనక నడిచి కాపురానికి వచ్చిన తోవ, పోయిన పిల్లల పేర్లు ఒకటొకటే రామమ్మ చెప్పసాగింది.

అన్న జానయ్య కంప పక్కకు వచ్చి నిలబడ్డాడు. శవాన్ని లేపే వేళయింది, కొడుకు లోపల ఉండాలి, నలుగురు చూస్తారు, రమ్మన్నాడు.

"జర ఆగు అన్నా," అన్నాడు గుర్వయ్య. "నేనొస్తే అక్క ఆపేస్తది. ఆమెను ఏడ్వనియ్యి."