పెద్దక్క చెప్పిన సాయంత్రం

పెద్దక్క కాళ్లకు కుదురు లేదు. సంగటి ముద్ద కూడా వాకిట్లో నిలబడే తింటుంది. కూర్చోమని ఎవరైనా అంటే, గొర్రెలు కాసేవాళ్లం, మేము కూర్చుంటే అవి ఊరుకుంటాయా అంటుంది. అందులో సగమే నిజం. రోడ్డు మీద మోటారుసైకిల్ చప్పుడు వినబడిందంటే, వచ్చేది ఎవరో, ఎవరి కోసమో తేలేదాకా ఆమెకు గొంతులోకి మెతుకు దిగదు. ఆరేళ్లుగా ఇదే వరస.

కర్ణాటక పొలిమేరను ఆనుకుని ఉన్న పల్లె అది. గుట్ట మీద గాలిమరలు తిరుగుతుంటాయి గానీ గుట్ట కింద చేలల్లో పచ్చగా ఏదీ ఉండదు. వేసిన శనక్కాయ ఎండిపోతే ఆ కట్టెను గొర్రెలకు వేస్తారు. పెద్దక్క మొగుడు బసప్ప కురుబ ఇంటి పెద్ద, చేతికర్ర లేకుండా వీధి దాటని మనిషి. నెల కిందట పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట మొద్దుబారింది. కొడుకు కుళ్లాయప్ప కడప జైల్లో ఉన్నాడు.

కొడుకు ఏ పాపం ఎరగడని పెద్దక్క ఎప్పుడూ అనలేదు. మంద చేన్లో పడిందని నల్లప్ప తిట్టాడు, వీడు కర్ర ఎత్తాడు, దెబ్బ తలకు తగిలింది, నల్లప్ప బతకలేదు. కోర్టు పదేళ్లు వేసింది. నల్లప్ప పెండ్లాం నారాయణమ్మ ఇల్లు పక్క వీధిలోనే ఉంది. పెద్దక్క ఆ వీధిలో కాలు పెట్టదు. నీళ్ల ట్యాంకుకు చుట్టు తిరిగి పోతుంది. శిక్ష పడినందుకు ఆమెకు కోపం లేదు. ఆమె కోపమంతా ఒక మాట మీద.

కొట్లాట జరిగిన మరునాడు ఎస్సై వచ్చాడు. ఆ మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. కసరలేదు, తిట్టలేదు. దొడ్డి దగ్గర మంచం మీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు. "ఏమీ లేదు తల్లీ, రెండు మాటలు అడిగి సాయంత్రానికి పంపిస్తా" అన్నాడు. కొడుకు గుట్ట మీద బండల మధ్య దాక్కున్నాడని ఒక్క పెద్దక్కకే తెలుసు. ఆమె గుట్ట కిందికి పోయి, "కుళ్లాయప్పా, దిగిరారా, సార్ మంచోడు" అని పిలిచింది. ఎస్సై పిలిస్తే వాడు దిగేవాడు కాదు. తల్లి గొంతు విని దిగాడు. ఆ సాయంత్రానికి ఆమె సంగటి కెలికి ఊరిబిండి పచ్చడి నూరి మూతపెట్టింది. మరునాడు దాన్ని కుక్కలకు వేసింది.

అప్పటినుంచి వీధి వీధికంతా పెద్దక్క ఒకటే పాఠం చెప్పింది. ఖాకీ బట్ట కనబడితే ఎవరికీ ఎవరి పేరూ తెలియకూడదు. బసప్ప ఇల్లు యాడ అంటే లేదు, వాళ్లు ఉండారా అంటే లేరు. వీధి కూడా బుద్ధిగా నేర్చుకుంది. ఎన్నికలప్పుడు ఒకసారి, జాతరప్పుడు ఒకసారి కుర్రవాళ్ల కోసం పోలీసులు వచ్చి ఉత్త చేతులతో పోయారు. చదువులో ఎన్నడూ పాసు కాని వీధి ఈ పాఠంలో మాత్రం ఫస్టు క్లాసు.

ఇలా ఉండగా, ఒక పొద్దున పెద్దక్క రోడ్డు పక్కన మందను తోలుకుపోతుంటే ఒక బండి వచ్చి ఆగింది. పైన గళ్ల చొక్కా ఉన్నా కింద ఖాకీ ప్యాంటు, ఎర్ర బూట్లు. లేత వయసు కానిస్టేబులు.

"అవ్వా, గొర్రెల బసప్ప ఇల్లు యాడ?"

"బసప్పోళ్లా? ఈ ఊర్లో లేరు సార్. ఇల్లు తాళమేసి బెంగళూరికి పోయినారు."

"ఎప్పుడు పోయినారు?"

"నిరుడే పోయినారు" అని పెద్దక్క గొర్రెను అదిలించింది. నాలుక ఎక్కడా తడబడలేదు.

అతను ఊళ్లోకి కూడా పోయాడు. పక్కింటి గంగాదేవి ముందే బండి చప్పుడు విని, పెద్దక్క ఇంటి తలుపు లాగి బయటి గొలుసు వేసింది. లోపల మంచం మీద బసప్ప ఉన్నాడు. కానిస్టేబులు తలుపు తడితే బసప్ప ఉలకలేదు, పలకలేదు. సాయంత్రం మందను తోలుకొచ్చాక ఈ సంగతి విని పెద్దక్క గంగాదేవిని మెచ్చుకుంది. ఆ వారమంతా కాస్త నెమ్మదిగా కూడా ఉంది, పాపం.

ఆదివారం జైలు నుంచి కొడుకు ఫోను చేశాడు.

"అమ్మా, నాయనకు బాగలేదని పెరోలుకు అర్జీ పెట్టినా గదా. పోలీసులు వచ్చినారా? ఇంటికొచ్చి విచారిస్తారంట. మీరు ఆడనే ఉండారు, నాయన మంచం పట్టింది నిజమే అని వాళ్లు రాసిస్తేనే నన్ను పంపేది."

పెద్దక్క చేతిలో ఫోను చల్లబడినట్టయింది. జైలుకు అర్జీ పెడితే జైలే పంపుతుందనుకుంది గానీ, దానికోసం ఊళ్లోకి ఖాకీ బట్ట వస్తుందని ఆమెకు ఎవరు చెప్పారు?

"రాలేదప్పా" అంది. కొడుకుతోనూ అదే నోరు, అదే అబద్ధం. "వస్తారులే."

"నాయన నన్ను గుర్తుపడతాడా అమ్మా?" అంటుండగానే ఇచ్చిన సమయం అయిపోయి ఫోను ఆగిపోయింది.

ఆ రోజు ఆమె అవస్థ చూడాల్సిందే. సంగట్లో రెండుసార్లు ఉప్పు వేసింది. తోలిన గొర్రెలను మళ్లీ దొడ్లోకి తోలింది, మళ్లీ బయటికి వదిలింది. ట్యాంకు దగ్గరికి పోయి బిందె లేదని వెనక్కి వచ్చింది. లోపలికి పోతే, ఫోను మాటలు విన్న మొగుడి కళ్లు ఆమె వెంటే తిరిగాయి.

"పో" అన్నాడు బసప్ప. మాట సగమే వచ్చింది. "టేసనుకు... పో."

"ఆ గడప నేను తొక్కను. వాళ్లతో మాట్లాడి ఒకతూరి బాగుపడింది సాల్లేదా?"

బసప్ప ఎడమ చెయ్యి ఎత్తి తలుపు వైపు చూపించాడు. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది, దించమన్నా దించలేదు.

మరునాడు పెద్దక్క ఉతికిన చీర కట్టుకుని రోడ్డెక్కింది. మొదటి ఆటో వస్తే చెయ్యి ఎత్తలేదు. రెండోదాన్ని ఆపి, దిగేవాళ్లు దిగుతుంటే మనసు మార్చుకుంది. మూడోవాడు ఆమెను అడగకుండానే ఎక్కించుకున్నాడు. స్టేషను ముందు దిగి, ఎదురుగా టీ అంగడి వెనక నిలబడి, లోపలికి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూసింది. పోయినవాళ్లంతా తిరిగి వస్తున్నారా లేదా అని మనసులో లెక్క పెట్టుకుంది. ముగ్గురు పోయారు, ముగ్గురూ వచ్చారు. అప్పుడు చెంగు బిగించి లోపలికి నడిచింది.

ఆ గళ్ల చొక్కా కానిస్టేబులే బల్ల దగ్గర ఉన్నాడు, ఈసారి పూర్తి ఖాకీలో. చొక్కా మీద ప్రవీణ్ అని రాసి ఉంది గానీ ఆమెకు చదువు రాదు. ఆమెను చూసి కళ్లు చిట్లించాడు.

"నువ్వు ఆ పొద్దు రోడ్డు మీద గొర్రెలు తోలతాండిన అవ్వవు గదా?"

"ఔ సార్."

"ఏం పనిమీద వచ్చినావు?"

"నేనే సార్ బసప్ప పెండ్లాన్ని. మేము యాడికీ పోలేదు. ఈడనే ఉండాం."

ప్రవీణ్ కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేనట్టు చూశాడు. "బెంగళూరికి పోయినారంటివే. మీ పక్కింటామె గూడా అదే చెప్పె. నేను లేరని రాసి సార్ బల్ల మీద పెట్టినా. ఇంగా సంతకం కాలేదు, నీ అదృష్టం. ఇప్పుడు నువ్వు చెప్పేది మాత్రం నిజమని నేనెట్ల నమ్మల్ల?"

పెద్దక్కకు ఒళ్లు మండింది. నమ్మకం గురించి ఖాకీ చొక్కా తనను అడుగుతోంది. ఇంకో చోటైతే కడిగేసేదే. కొడుకు ముఖం గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది.

"వచ్చి సూడు సార్. మంచం మీద మనిషి ఉండాడో లేడో."

"సరే, సాయంత్రం వస్తా."

ఆమె పోబోయి ఆగింది. "ఏ సాయంత్రం సార్?"

"ఏ సాయంత్రమేంది అవ్వా? ఈ పొద్దు సాయంత్రమే."

ఊరికి వచ్చి వీధి మొగదల నుంచి చివరిదాకా ఇంటింటికీ చెప్పింది, ఈ పొద్దు పోలీసు వస్తాడు, అడిగితే ఉండారని చెప్పండి అని. ఆరేళ్లు నేర్పిన పాఠాన్ని ఒక్క పూటలో మరిచిపోమంటే ఎవరికైనా విడ్డూరంగానే ఉంటుంది. గంగాదేవి చేట పక్కన పెట్టి లేచింది.

"అత్తా, నీకు మతి ఉండాదా? వాళ్ల మాట నమ్మినావా?"

"నమ్మలేదే. పిల్చినా, అంతే."

పొద్దు గాలిమరల వెనక్కి దిగింది. మంద దొడ్డికి చేరింది. పెద్దక్క వాకిట్లోంచి వీధి మొగదలకు, అక్కడినుంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉంది. వీధి దీపాలు కూడా వెలిగాయి. "చూడు, వీళ్ల సాయంత్రాలు ఇట్లనే ఉంటాయి" అని తనలో తాను తిట్టుకుంది. రాని కానిస్టేబులును తిట్టింది, వస్తాడని చీర మార్చకుండా ఎదురుచూస్తున్న తనను ఇంకా ఎక్కువగా తిట్టుకుంది.

అప్పుడు వినబడింది బండి చప్పుడు.

ఏమైందో ఆమెకే తెలియదు. కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. తెలివి వచ్చేసరికి దొడ్డి గోడ వెనక గొర్రెల మధ్య నక్కి ఉంది. గంగాదేవి చేతులు కూడా ఊరుకోలేదు, తలుపు లాగి గొలుసు తగిలించాయి.

"బసప్పోళ్లు ఉండారా?" అని ప్రవీణ్ గొంతు.

"వాళ్లు లేరు సార్" అంది గంగాదేవి, అన్నాక నాలుక కరుచుకుంది.

గోడ వెనక పెద్దక్క లేవబోయింది. మళ్లీ గోడ పక్కకే ఒదిగింది. కొడుకు రాక అంతా ఆ ఒక్క మాటతో పోయినట్టే అనిపించింది. అంతలో ఇంట్లోంచి ఒక అరుపు వచ్చింది. నెల రోజులుగా ఒక మాట చెప్పడానికి రెండుసార్లు ఊపిరి పీల్చే మనిషి గొంతు అది.

"ఉండాం! ఈడ ఉండాం!"

పెద్దక్క గొర్రెలను తోసుకుంటూ బయటికి వచ్చింది. చీరకు పేడ అంటింది. వచ్చి తనే గొలుసు తీసింది. ప్రవీణ్ దారిలో బండి పంక్చరైంది, అందుకే ఆలస్యం అన్నాడు. లోపలికి వచ్చి బసప్ప పడిపోయిన చేతిని చూశాడు, మందులు చూశాడు, మంచం అంచున కూర్చుని రాసుకున్నాడు. ఆమె మజ్జిగ ఇవ్వలేదు. అతను నీళ్లడిగితే నీళ్లిచ్చింది.

"నారాయణమ్మను గూడా అడిగొచ్చినా" అన్నాడు.

పెద్దక్క తల దించుకుంది. "ఏమన్నాది సార్?"

"వస్తే రానీ, మా వీధిలో మాత్రం నడవగూడదు అన్నాది."

"నడవడు సార్. నేనే నడవను."

"ఇంగొకటి అవ్వా." ప్రవీణ్ రాయడం ఆపి తలెత్తాడు. "పెరోలు అయిపోయిన దినం సాయంత్రంలోగా వాన్ని జైలు కాడ అప్పజెప్పల్ల. దానికి నువ్వు పూచీ పడల్ల. తోలుకొచ్చి ఇస్తావా?"

గుట్ట దాటితే కర్ణాటక. అక్కడ తమ్ముడి మందలు ఉన్నాయి, ఆ మందల వెంట పోయిన మనిషిని ఎవడూ పట్టుకోలేడు. ఇస్తా అని నోటితో అని, కొడుకును రాత్రికి రాత్రి గుట్ట దాటించవచ్చు. ఆరేళ్ల కిందట వాళ్లు తనకు చేసిందీ అదే. బాకీ తీరిపోతుంది. బసప్ప ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు మూతపెట్టిన సంగటి గుర్తొచ్చింది. ఆ రాత్రి వాకిట్లో తను ఎలా తిరిగిందో గుర్తొచ్చింది.

"తెస్తా సార్" అంది. "సాయంత్రం అని చెప్తే సాయంత్రానికే తెస్తా. మీ మాదిరి గాదు."

ప్రవీణ్‌కు అర్థం కాలేదు. పంక్చరు సంగతే అంటోందనుకుని, "అదే చెప్పినా గదా అవ్వా, బండి" అంటూ వేలిముద్ర వేయించుకున్నాడు. రేపు పొద్దున కాగితం పంపుతా అని చెప్పి వెళ్లిపోయాడు.

బండి చప్పుడు రోడ్డెక్కాక గంగాదేవి దగ్గరికి వచ్చింది. "నిజంగానే తోలుకపోయి ఇస్తావా అత్తా? మళ్లీ నీ చేతుల్తోనే?"

"ఆ పొద్దు పిల్చి పంపించేస్తి. నేను ఈడ నిలబడి సూస్తాంటి" అంది పెద్దక్క. "ఈసారి వాని ఎంట పోతా. గేటు దాకా పోయి, వాడు లోపలికి పోయినాక వస్తా."

తలుపుకు వేలాడుతున్న గొలుసును ఊడబీకి దొడ్లోకి విసిరింది. తర్వాత బసప్పకు సంగటి పెట్టి, తానూ ఆ మంచం పక్కనే కింద కూర్చుని తింది.